వేలికి తెలియాలి

మొన్న మా డీటీపీ కొట్టులో రెండో కంప్యూటర్ కీబోర్డు పాడైతే, కొత్తది కొందామని నరసరావుపేట బస్టాండు దగ్గర కంప్యూటర్ సామాన్లు అమ్మే షాపుకి వెళ్ళాను. అమ్మే అతను పల్చటి నల్ల కీబోర్డు ఒకటి అట్టపెట్టెలోంచి తీసి, ఇదైతే అసలు సౌండే రాదు మేడం అన్నాడు, అదేదో వరమైనట్టు. నేను దాన్ని అందుకుని, రెండు కొసలూ పట్టుకుని, తడిబట్ట పిండినట్టు మెలి తిప్పాను. కిర్రుమంది. తర్వాత స్పేస్‌బార్‌ని మధ్యలో కాకుండా కుడి కొసన నొక్కాను. అది ఒక పక్కకి ఒరిగి అక్కడే ఇరుక్కుంది. షాపతను కంగారుగా చెయ్యి అడ్డం పెట్టాడు.

అట్లా మెలి తిప్పడం నా అలవాటు కాదు. ఆవిడది. ఆవిడ పోయి ఇంకా ఏడాది తిరగలేదు. కీబోర్డు కొనకుండానే వచ్చేశాను. కొట్టు తెరిచాను గానీ ఆ రోజంతా కుదురు చిక్కలేదు. కూర్చుంటే లేవాలనిపించింది, లేస్తే ఎక్కడికి పోవాలో తోచలేదు. ఆ తిరుగుడు కూడా ఆవిడదే.

కోర్టు వీధిలో అందరూ ఆవిడని టైపు మేడం అనేవాళ్ళు. ఒకప్పుడు ఇన్‌స్టిట్యూట్ పెట్టి టైపు నేర్పింది. నేనూ అక్కడే నేర్చుకున్నాను. అది మూతపడ్డాక నా కొట్టులో ఒక కంప్యూటర్ ముందు కూర్చుని ప్లీడర్లకి దావాలు, అర్జీలు కొట్టిపెట్టేది. కూర్చుని అన్నానా, అది నా మాట వరస. ఆవిడ కూర్చోగా చూసిన సందర్భాలు తక్కువ. ఒక పేజీ కొట్టి లేచేది. గుమ్మం దాకా పోయి రోడ్డు చూసేది. జిరాక్స్ మిషన్ మీద బొత్తాం ఒకటి ఊరికే నొక్కి, దాని తీరు బాగాలేదని నాకు చెప్పి, వచ్చి ఇంకో పేజీ మొదలెట్టేది.

బొత్తాం అన్నది ఎక్కడ కనబడ్డా ఆవిడ వదిలేది కాదు. ఏటీఎం ముందు నిలబడి అంకెలు నొక్కి చూసి, వెనకాల వరసలో ఉన్నవాళ్ళ చేత మాటలు పడేది. బస్సులో కండక్టర్ టిక్కెట్ మిషన్ అడిగి తీసుకుని, రెండుసార్లు నొక్కి తిరిగిచ్చేది. నచ్చకపోతే ఆవిడ నోట వచ్చే మాట ఒకటే, "దీనికి నోరు లేదు."

అసలు పిచ్చి మాత్రం పాత కీబోర్డుల మీద. ఇప్పటి కీబోర్డుల్లో మీటల కింద రబ్బరు బుడిపెలుంటాయి. నొక్కితే మెత్తగా అణిగి లేస్తాయి. వెనకటి వాటిలో ప్రతి మీటకీ విడిగా ఒక స్విచ్చి, అందులో ఒక స్ప్రింగు ఉండేవి. వాటిని ఆవిడ తన పద్ధతిలో మూడు రకాలుగా విడదీసింది. ఏ అడ్డూ లేకుండా కిందికి దిగేది జారుడు రకం. సగం దారిలో వేలిని చిన్నగా ఆపి వదిలేది గిల్లుడు రకం. ఆపడమే కాక టక్కున పలికేది మోత రకం. జారుడు రకం అంటే ఆవిడకి పడదు. అందులో అక్షరం ఎప్పుడు పడిందో ఎవడికీ తెలియదని తిట్టేది. గిల్లుడు రకాన్ని సహించేది. మోత రకం దొరికితే మాత్రం మొహం విప్పారేది. అది కూడా కాసేపే. వెంటనే లోపాలు వెతకడం మొదలయ్యేది.

ఆ వెతుకులాటకి పిడుగురాళ్ళ పోయేవాళ్ళం. అక్కడి ఆఫీసులు పాత కంప్యూటర్లు తీసేస్తే అవి రోడ్డు పక్కన ఇనప సామాన్ల కొట్టుకి చేరేవి. సున్నపురాళ్ళ లారీలు పోతున్నంతసేపూ నేల అదిరేది. అక్కడ ఏ వస్తువు ముట్టుకున్నా చేతికి సున్నం అంటేది. కొట్టు యజమాని పెద్దాయన, ఆవిడ రావడం చూడగానే కీబోర్డుల కుప్పని కాలితో ముందుకి తోసి తన పని తను చూసుకునేవాడు. ఆవిడ చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని కుప్ప ముందు గొంతుక్కూర్చునేది. ముందు బరువు చూసేది. సొరకాయ కొనేటప్పుడు చూసినట్టు అరచేతిలో పెట్టి పైకీ కిందికీ ఆడించేది. తర్వాత మెలి తిప్పడం. కిర్రుమంటే లోపల ఇనప రేకు లేదని అర్థం, పక్కన పడేసేది. వెనక్కి తిప్పి అంచులు మరలతో బిగించారా, ఊరికే కొక్కేలతో తగిలించారా అని చూసేది. మీట మీద అక్షరాన్ని గోటితో గీకేది. పైన అచ్చేసిన అక్షరమైతే లేచి వచ్చేది. ప్లాస్టిక్‌లోనే రెండో రంగు పోసి చేసిందైతే ఎంత గీకినా చెక్కు చెదరదు. చివరికి ఒక మీటని నడిమధ్యన కాకుండా అంచున, నెమ్మదిగా, చెవి దగ్గర పెట్టుకుని నొక్కేది. పట్టేసినట్టు దిగిందా, నిటారుగా దిగిందా. టక్కుమనడం, అక్షరం పడడం ఒక్కచోటే జరుగుతున్నాయా, ఒకటి ముందూ ఒకటి వెనకా అవుతున్నాయా. అక్కడ కంప్యూటర్ ఉండదు కాబట్టి ఈ చివరిది ఊహే. ఆవిడ అది ఊహ అని ఎప్పుడూ ఒప్పుకోలేదు.

ఆవిడ చెప్పిందల్లా నిజమయ్యేదీ కాదు. ఒకసారి తెచ్చిన దాన్ని తగిలిస్తే ఒక్క మీటా పలకలేదు. ఇంకోసారి, స్ప్రింగులు చచ్చాయని తీసి పారేసిన దాన్ని ఎవరో ఊదుకుని శుభ్రం చేసుకుని వాడుకుంటున్నారని తెలిసి నాలుగు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు, నేనేదో చేసినట్టు. నాకదంతా పొద్దుపోని సరదాగా కనబడేది. మనిషికి ఒకచోట నిలకడ లేదు, ఇదొక వంక అనుకునేదాన్ని.

అది వంక కాదని బెల్లంకొండ దగ్గరి రైతు దావా అప్పుడు తెలిసింది.

ఆ రైతు పొలానికి పోయే బండిదారిని పక్కపొలం అతను దున్నేస్తున్నాడు. ఆపించమని కోర్టులో అడిగారు. అర్జీ కొట్టింది టైపు మేడమే. కోర్టు ఆపమనే చెప్పింది. కానీ కాగితంలో సర్వే నంబరులో ఒక అంకె లేదు. పక్కపొలం అతను ఆర్డరు చదివించుకుని, ఇది నా నంబరే కాదు పొమ్మని దారి మొత్తం దున్ని కంప వేశాడు. సరిచేయించడానికి ప్లీడరు దగ్గరికి వచ్చేసరికి మిరపకాయల సీజను సగం గడిచిపోయింది. కోసిన కాయని ఆ ఇంటివాళ్ళు గట్ల మీదుగా నెత్తిన మోసుకున్నారు.

ప్లీడరు గారు మంచివాడే. ఆయన దగ్గరున్న చిత్తు కాగితం ఎక్కడో కలిసిపోయింది. రైతే నోటితో తప్పు చెప్పి ఉంటాడు, దీనికింత ఆలోచన ఎందుకు, మళ్ళీ కొట్టండి అన్నాడు. రైతు కూడా అదే నమ్ముతున్నాడట. ఆవిడ కొట్టుకి వచ్చి కాగితాలకి పిన్ను కొడుతూ నిలబడింది. నేను మాట్లాడుతూ చూద్దును కదా, కాగితం అంచున ఎర్రటి మరకలు. పిన్ను ఆవిడ చూపుడువేలిలో దిగి ఉంది. ఆవిడ ఇంకా కాగితాలు సర్దుతూనే ఉంది.

నేను చెయ్యి పట్టుకుని పిన్ను లాగాను. ఆవిడ వేలి వంక చూసింది, ఇంకెవరి వేలో చూసినట్టు.

"తెలవట్లేదే," అంది. "చానా రోజులైంది. కొసలు మొద్దుబారినయ్. సుగరు వల్లంట. అక్షరం పడిందో లేదో వేలు చెప్పట్లా."

ఆ తర్వాత ఆవిడ చెప్పినవన్నీ నేను ముక్కలు ముక్కలుగా విన్నాను, ఎందుకంటే ఆవిడ గుమ్మానికీ బల్లకీ మధ్య తిరుగుతూనే చెప్పింది. టైపు కొట్టేవాళ్ళు తెర చూడరు, చూడకూడదని ఆవిడే మాకు నేర్పింది. కన్ను చిత్తు మీద, నమ్మకం వేలి మీద. రబ్బరు బుడిపె మీద ఆ వేలు సగమే దిగి ఆగిపోతే అంకె పడదు, ఆవిడకి తెలియదు. మళ్ళీ చదువుకున్నా, కొట్టిందనుకున్నదే కంటికి కనబడుతుంది. ఆ అంకె పోగొట్టింది తనేనని ఆవిడకి ఖాయంగా తెలుసు. పిడుగురాళ్ళ సున్నంలో ఆవిడ వెతుకుతున్నదేమిటో అప్పుడర్థమైంది. వేలికి తెలియకపోతే మోచేతికి తెలియాలి, మోచేతికీ తెలియకపోతే చెవికి తెలియాలి. అట్లాంటిది ఒకటి కావాలి.

మర్నాడు నన్ను వెంటబెట్టుకుని బస్సెక్కింది. దారంతా ఎదురు సీటు రాడ్డు మీద పదివేళ్ళూ ఆడిస్తూనే ఉంది. ఆ రైతు ఊళ్ళో దిగి ఇల్లు అడుగుతూ పోయాం. వాకిట్లో పట్టా పరిచి మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. ఘాటుకి నాకు దగ్గొచ్చింది. రైతు భార్య రంగు పోయిన తాలుకాయలు ఏరుతోంది. రైతు మంచం వాల్చి కూర్చోమన్నాడు. ఆవిడ కూర్చోలేదు. నిలబడే, అడక్కముందే చెప్పేసింది. నంబరు మీరు సరిగ్గానే చెప్పారు, నేను కొట్టడంలో ఒక అంకె పోయింది, నా వేళ్ళకి స్పర్శ లేదు, ఉందనుకుని కొట్టాను.

రైతు తల తిప్పి భార్య వంక చూశాడు. నంబరు తప్పు చెప్పింది తనేనని ఆ ఇంట్లో అన్ని రోజులూ ఆయన మాటలు పడుతున్నాడని ఆ చూపులోనే తెలిసింది. భార్య ఏరుతున్న కాయలు పట్టా మీదకి విసిరి లేచింది.

"నీ ఏళ్ళు సచ్చుబడితే మా పొలం ఏం జేసిందమ్మా?" అంది. "నా మెడ చూడు. మోసి మోసి తిరగట్లా."

"ఏం చెయ్యలా," అంది టైపు మేడం. "తప్పు నాదే."

ఇంకేమీ చేర్చలేదు. సుగరనీ, వయసనీ, కీబోర్డనీ చెప్పుకోలేదు. ఆ ఇల్లాలు అన్నవన్నీ నిలబడి విన్నది. ఆవిడ అంతసేపు ఒకచోట కదలకుండా నిలబడటం నేను చూసింది అదొక్కసారే. నాకే పక్కకి పోదామనిపించింది. మేం బయల్దేరాక రైతు బస్సు ఆగేచోటిదాకా వెంట వచ్చాడు. బస్సు కనబడ్డాక అన్నాడు, మళ్ళీ కాగితం నువ్వే కొట్టమ్మా, కానీ కోర్టులో వేసే ముందు నాకు పైకి చదివి ఇనిపించు. ఆవిడ తలూపింది. అట్లాగే చేసింది కూడా. ఆ రెండో ఆర్డరుతో ఎండాకాలానికల్లా కంప తీయించారు.

అప్పటినుంచీ ఆవిడ వెతుకులాటలో సరదా పోయింది. కొట్టే ప్రతి కాగితం నా చేత చదివించేది. పెద్ద పనులు తనే వద్దనేది. వద్దన్నాక గుమ్మంలో నిలబడి, ఆ పనికొచ్చిన మనిషి పక్క కొట్టుకి పోతుంటే చూసేది. నేను కదిలిస్తే కసిరేది.

మాచర్లలో మూతబడ్డ పత్తి మిల్లు ఆఫీసు ఖాళీ చేస్తున్నారని పిడుగురాళ్ళ పెద్దాయనే కబురు పంపాడు. మేం పోయేసరికి కాపలాదారు బీరువాలు బయటికి లాగిస్తున్నాడు. గోనెపట్టాల కింద, పాత టీవీ అంత మానిటర్ పక్కన ఉంది అది. ఒకప్పుడు తెల్లగా ఉండి పసుపు తిరిగిన రంగు, మెలికల వైరు, మీటల సందుల్లో కుక్కినట్టు పత్తి. ఒక చేత్తో ఎత్తబోయి ఆవిడ రెండో చెయ్యి వేసింది. మెలి తిప్పింది. చిన్న శబ్దం కూడా రాలేదు. వెనకంతా ఇనప రేకు. గోరు పెట్టి గీకింది, అక్షరం కదల్లేదు. కిటికీ అరుగు మీద పెట్టి, పత్తి ఊది, ఒక మీట అంచున చూపుడువేలు ఆనించి నెమ్మదిగా నొక్కింది.

టక్ మంది. వెనకాలే సన్నగా స్ప్రింగు గుంయ్‌మంది. మీట కింద స్ప్రింగు నిలువునా ఉండి, వేలి బరువుకి ఒక్కసారిగా పక్కకి వంగి కొడుతుందట. ఆ కొట్టడంతోనే అక్షరం పడుతుంది. ఆవిడ కళ్ళు మూసుకుని మళ్ళీ నొక్కింది, మళ్ళీ.

"తెలుస్తందే," అంది. "మోచెయ్యి దాకా వస్తంది."

నేనిక బయల్దేరదామనుకున్నాను. ఆవిడ ఒక్కో వరసా నొక్కుకుంటూ పోయింది. నడిమధ్య కొన్ని మీటలు మొద్దుగా పలికాయి. ఇనప రేకునీ కింది ప్లాస్టిక్‌నీ కలిపి పట్టే చిన్న ప్లాస్టిక్ రివిట్లు విరిగిపోయాయని, తయారుచేసినవాళ్ళు అక్కడ ఇనుము వాడి ఉండాల్సిందని, ఇంత గట్టిగా కట్టి అంత చిన్నచోట పీనాసితనం చేశారని కాపలాదారుకి ఫిర్యాదు చేసింది. ఆయన తీసుకుపొమ్మన్నాడు. పేట వచ్చాక మా వీధిలో మిక్సీలు బాగుచేసే అతని చేత విరిగిన రివిట్లున్న చోట సన్నటి బెజ్జాలు వేయించి మరలు పెట్టించింది. పెళ్ళి పనులు చేయించే మనిషిలా అతని నెత్తిన కూర్చుంది. ఇప్పటి కంప్యూటర్‌కి తగిలేలా మార్చే వైరు తెప్పించాం. తగిలించి, ఒక పేజీ తెర చూడకుండా కొట్టి నాకిచ్చింది. ఒక్క తప్పూ లేదు.

తర్వాత కొన్నేళ్ళపాటు మా కొట్టు అంటే ఆ మోతే. రేకుల కప్పు మీద వడగళ్ళు పడ్డట్టుండేది. ప్లీడర్ల గుమాస్తాలు చెవులు మూసుకుని వచ్చి సైగలతో పని చెప్పేవాళ్ళు. ఎవరైనా విసుక్కుంటే ఆవిడ ఇంకాస్త గట్టిగా కొట్టేది. పేజీకొకసారి లేచి తిరగడం మాత్రం మానలేదు.

మొద్దుతనం వేళ్ళ కొసల దగ్గర ఆగలేదు. మణికట్టు దాటింది. ఒక రోజు పేజీ పూర్తిచేసి, తప్పుల్లేవు గానీ నేను కొట్టినట్టు లేదు అంది. లేచి ఆ కుర్చీ నాకు చూపించింది. అంతే. మళ్ళీ ఆ మీటల మీద చెయ్యి వెయ్యలేదు.

మానేసినా కొట్టుకి రావడం మానలేదు. ఫోనులో మాట్లాడితే అదే రాసుకుంటుందని ఎవరో చెబితే దాంతో కుస్తీ పట్టింది. ఈవిడ "ఏంది" అంటే అది "ఏమిటి" అని రాసేది. నా మాట మార్చడానికి ఇదెవరని దాంతో పోట్లాడేది. ఆ పోట్లాట కూడా అది రాసుకునేది, మేం నవ్వుకునేవాళ్ళం. గురజాల నుంచి ఒక అమ్మాయి వచ్చింది, మొగుడి మీద కేసు. ఆ అమ్మాయి వంగి చెబుతుంటే ఈవిడ ఫోనుకి పైకి చెప్పడం మొదలెట్టింది. మొదటి వాక్యానికే జిరాక్స్ కోసం నిలబడ్డవాళ్ళు ఇటు తిరిగారు. ఆ అమ్మాయి పమిట మొహానికి అడ్డం పెట్టుకుంది. టైపు మేడం ఫోను ఆపేసింది.

"ఇది బయటికి అనే మాట కాదు," అంది నాతో. "నువ్వు కొట్టు."

నా కుర్చీ వెనక నిలబడి, వంగి, నా చెవిలో చెప్పింది. నేను కొట్టాను. ఆ మోతలో ఆవిడ మాట పక్కవాళ్ళకి వినబడలేదు. తర్వాత అన్ని కాగితాలూ అట్లాగే కొట్టాం. ఆవిడ తెర చూసేది కాదు, వినేది. ఎక్కడ మీట సగమే దిగిందో మోతని బట్టి చెప్పి, మళ్ళీ కొట్టమనేది. చూస్తే నిజంగానే అక్కడ అక్షరం ఉండేది కాదు. నా పనికి ఆవిడ చెవి కాపలా అని నేను తల ఎత్తడం కూడా మానేశాను.

ఆఖరి కాగితం కాలవ చివరి రైతులది. సాగరు నీళ్ళు తమదాకా రావడం లేదని అర్జీ. ఎండ మండుతోంది. ఆవిడకి ఆయాసంగా ఉంది, కూర్చోమంటే కూర్చోవడం లేదు. మా నీటి హక్కు అన్న చోట నా భుజం తట్టింది.

"హక్కులో క వత్తు పడలా."

నేను తెర వంక చూశాను. పడింది. హక్కు అని నిండుగా ఉంది. ఆవిడ చెవి వైపు తల తిప్పబోయి మానుకున్నాను. అవును మేడం, పడలేదు, కొడతానని ఆ మీట మళ్ళీ నొక్కాను. వత్తు కింద వత్తు పడింది. కొంచెం ఆగి, ఎక్కువైన దాన్ని చెరిపేశాను.

ఆ కీబోర్డులో చెరిపే మీట మిగతావాటికన్నా వెడల్పు. దాని మోత బొంగురుగా, వేరే ఉంటుంది. ఆ తేడా ఆవిడ చెవికి తెలుస్తుందని నొక్కాక గుర్తొచ్చింది నాకు.

ఆవిడ చెయ్యి నా భుజం మీద అట్లాగే ఉంది. వీధిలో ఆటో ఒకటి పోయింది. కాసేపటికి ఆవిడ తర్వాతి వాక్యం చెప్పింది. చివరిదాకా చెప్పింది. మధ్యలో ఎక్కడా ఇంకొక అక్షరం పడలేదని అనలేదు. అయిపోయాక నా పక్క స్టూలు లాక్కుని కూర్చుంది. చేతులు ఒళ్ళో పెట్టుకుని, కదలకుండా, సాయంత్రం నేను కొట్టు మూసేదాకా కూర్చునే ఉంది.